హాఫ్ టన్ను ట్రక్కుతో ట్రైలర్ లాగాలంటే ముందు డోర్ తెరిచి స్టికర్ చూడు

తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివా. ఇల్లు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో, పైన గంట దూరంలో మూడెకరాలు కొన్నావు, అక్కడికి చిన్న ట్రాక్టర్ తీసుకెళ్తూ తెస్తూ ఉండాలి, సమ్మర్ లో అమ్మానాన్న వస్తే 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే లోపలే పడుకుని వండుకునే చక్రాల ఇల్లు, తగిలించుకుని అందరూ కలిసి కొలరాడో వెళ్లాలి, దీనికి హాఫ్ టన్ను అని పిలిచే మామూలు సైజు పికప్ ట్రక్కులు ఫోర్డ్ ఎఫ్-150, షెవీ సిల్వరాడో, రామ్ 1500, టయోటా టండ్రా నాలుగింట్లో ఏది ఎక్కువ లాగుద్ది అని అడిగావు. నేను టెక్సస్ లో పదకొండేళ్లుగా ట్రైలర్లు లాగుతున్నా, మూడు ట్రక్కులు మార్చా, చేసిన తప్పులకి లెక్కలేదు, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా, టీ పెట్టుకుని చదువు.

ముందు ఒక మాట. ఏది ఎక్కువ లాగుద్ది అన్నదాంతో నీకు పనిలేదు. నాలుగూ లాగుతాయి. కాయితం మీద చూస్తే ఎఫ్-150 3.5 ఎకోబూస్ట్ సరైన ప్యాకేజీతో 13,500 పౌండ్లు, సిల్వరాడో 3.0 డీజిల్ తో 13,300, టండ్రా 12,000, రామ్ పాత 5.7 హెమీతో 12,750 దాకా, కొత్త హరికేన్ ఇంజన్ తో 11,500 పైచిలుకు. నువ్వు కొందామని చూసిన ట్రైలర్ నిండా సర్దినా 7,600 దాటకూడదని దాని మీదే రాసుంది. అంటే అన్నీ పాసే. డీలర్ కూడా నీకు ఇదే చెప్పాడు కదా, 11,000 లాగుద్ది సార్, మీది ఏడున్నర వేలేగా, నిద్రపోతూ లాగుద్ది అని. నాకూ మొదటిసారి ఇదే చెప్పారు, ఆ డీలర్ ఎవరో ఎందుకులే.

లాగే బలం వేరు, మోసే బలం వేరు. ఎద్దు లాగుద్ది, గాడిద మోస్తది, మనం హాఫ్ టన్ను ట్రక్కుని రెండూ ఒకేసారి చెయ్యమంటున్నాం. నువ్వు ట్రైలర్ తగిలించగానే దాని బరువులో కొంత హిచ్ మీద, అంటే ట్రక్కు వెనక నడ్డి మీద కూర్చుంటది. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. ట్రావెల్ ట్రైలర్ కైతే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, గూస్ నెక్, ఫిఫ్త్ వీల్ అని ట్రక్కు వెనక తొట్టిలో, అంటే బెడ్ లో తగిలించేవైతే 15 నుంచి 25 శాతం. ఈ బరువంతా ట్రక్కు పేలోడ్ లోంచే పోద్ది. పేలోడ్ అంటే ట్రక్కు తన వంటి మీద మోయగలిగిన బరువు మొత్తం, అందులో నువ్వు, మీ ఆవిడ, బెడ్ లో సామాను, హిచ్ ఇనుము, టంగ్ వెయిట్ అన్నీ వస్తాయి. అది ఎంతో బ్రోచర్ లో చూడొద్దు, డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన పసుపు రంగు ఉన్న స్టికర్ ఉంటది, మనుషులు సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని రాసుంటది. అది ఆ మోడల్ కి కాదు, ఆ ఒక్క బండికి, ఫ్యాక్టరీలో దానికి ఏమేం బిగించారో అన్నీ తూచి లెక్కేసి వేసిన అంకె. ఒకే డీలర్ లాట్ లో పక్కపక్కన నిలబడ్డ రెండు ఎఫ్-150లకి 400 పౌండ్లు తేడా ఉండటం నేను కళ్లారా చూశా.

నువ్వు పెట్టిన ఫోటోలో, పెద్ద గ్లాస్ రూఫ్, కూలింగ్ సీట్లు, పవర్ స్టెప్పులు ఉన్న ఆ టాప్ ట్రిమ్ బండికి స్టికర్ మీద 1,390 అనుంది. లెక్క చూద్దాం. ట్రైలర్ సర్దాక 7,200 పౌండ్లు అనుకో, అంటే మన లెక్కలో దాదాపు 33 క్వింటాళ్లు. 13 శాతం టంగ్ వెయిట్ 940. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (అదేంటో కింద చెప్తా) ఒక 100. నువ్వు 180, మీ ఆవిడ 140, పాప 60, నాన్నగారు 150, అమ్మగారు 130, మొత్తం 660. బెడ్ లో చిన్న జనరేటర్, ఐస్ పెట్టె, కట్టెలు, అమ్మగారు వద్దన్నా వదలని ఆవకాయ జాడీతో సహా 150 వేద్దాం. కూడితే 1,850. స్టికర్ 1,390. అంటే 460 ఎక్కువ. సరే అమ్మానాన్నని ఇంట్లో వదిలేశావు, సామాను కూడా దింపేశావు, అప్పటికీ 30 పౌండ్లు ఎక్కువే. ఇదంతా 11,000 లాగే ట్రక్కుతోనే!

మరి ఆ 11,000 ఎక్కడ్నించి వచ్చింది అంటే, అది అబద్ధం కాదు, దానికీ ఒక పరీక్ష ఉంది. ఒకప్పుడు ఎవడికి తోచిన అంకె వాడు వేసుకునేవాడు. తర్వాత ఎస్ఏఈ అనే ఆటో ఇంజనీర్ల సంఘం జె2807 అని అందరికీ ఒకే పద్ధతి పెట్టారు, టయోటా 2011 మోడల్ నుంచే పాటించింది, మిగతా ముగ్గురూ హాఫ్ టన్నుల్లో 2015 నాటికి దారికొచ్చారు. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ల ఎత్తు రోడ్డు ఉంది, 100 డిగ్రీల ఫారెన్ హీట్ ఎండలో ఏసీ ఫుల్ గా పెట్టి ట్రైలర్ తో ఆ ఘాట్ ఎక్కాలి, స్పీడు 40 మైళ్ల కిందికి పడకూడదు. 30 సెకన్లలో సున్నా నుంచి 60 అందుకోవాలి. ఇవన్నీ గట్టి పరీక్షలే, కాదన్ను. కానీ అందులో ట్రక్కులో కూర్చునేది ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌండ్లు, టంగ్ వెయిట్ కూడా 10 శాతం లెక్కన. మన కుటుంబం, మన సామాను ఆ లెక్కలో లేవు. పైగా బ్రోచర్ లో పెద్ద అంకె వేసేది ఖరీదైన ట్రిమ్ కి కాదు, సోకులేమీ లేని బండికి.

లాగడం అన్నది ఎంత మోసమో చెప్పడానికి ఒకటి చెప్తా. 2012 అక్టోబర్ లో లాస్ ఏంజలెస్ లో ఎండెవర్ స్పేస్ షటిల్ ని మ్యూజియానికి తీసుకెళ్తూ ఒక బ్రిడ్జి మీద మామూలు టండ్రాతో లాగించారు. షటిల్ దాని బండితో కలిపి మూడు లక్షల పౌండ్లకి దగ్గర్లో ఉంటది. చదునైన రోడ్డు, నడిచే స్పీడు, టంగ్ వెయిట్ లేదు, అంతే, లాగేసింది. మా ఆఫీసులో టండ్రా ఉన్న ఒకాయన ఇప్పటికీ అదే చెప్తాడు. నేనంటా, షటిల్ లాగింది సరే, మీ అత్తగారూ మామగారూ లోపల ఉన్నారా అని.

ఇప్పుడు నా కథ. మొదటి ట్రక్కు కొన్న కొత్తలో, బ్రాండ్ చెప్పనులే, తప్పు నాదే, వేకో వైపు ఒక ముసలాయన దగ్గర సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొన్నా. ట్రాక్టర్, ముందు లోడర్, వెనక గడ్డి కొట్టే బుష్ హాగ్ అన్నీ కలిపి 4,500, ట్రైలర్ ఒక 2,200. బుష్ హాగ్ ముందుకి రాకుండా, దింపుకోవడానికి సులువని ట్రాక్టర్ ని బాగా వెనక్కి నిలబెట్టి చైన్లు వేశా. ఐ-35 హైవే మీద 70 మైళ్ల స్పీడులో వస్తుంటే పక్కనుంచి ఒక పద్దెనిమిది చక్రాల లారీ దాటింది, అంతే, ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టింది, అటూ ఇటూ, ఊపు ఊపుకీ పెరుగుద్ది, వెనకనుంచి ఎవడో ట్రక్కుని పట్టుకుని విసిరేస్తున్నట్టు. బ్రేకు తొక్కితే అయిపోయేవాణ్ణి. ఎవరో చెప్పింది గుర్తొచ్చి యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, డాష్ మీద ఉండే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ని చేత్తో నొక్కా, ట్రైలర్ చక్రాలకి మాత్రమే బ్రేక్ పడి అది వెనక్కి సాగినట్టై నిలబడింది. రోడ్డు పక్క షోల్డర్ మీద ఆపి ఓ పావుగంట దిగలేదు, కాళ్లు రాలేదు.

ఆ రాత్రి మా నాన్నకి వీడియో కాల్ లో ఫోటో చూపించా, ఆయన తెనాలి దగ్గర జీవితమంతా ఎడ్లబండి తోలినాయన, చూడంగానే వెనక బరువేశావు కదరా, నొగలు లేస్తయ్యి అన్నాడు. ఒక్క ముక్కలో. ఎడ్లబండికి వడ్లబస్తాలు వెనక్కి ఎక్కువేస్తే కాడి ఎద్దుల మెడ మీద నుంచి పైకి లేస్తది, ముందు ఎక్కువేస్తే మెడలు ఒరుసుకుపోతాయి, ఇరుసుకి కాస్త ముందుకి బరువు పడేటట్టు సర్దాలి. టంగ్ వెయిట్ అన్నా అదే. 10 శాతం కంటే తగ్గితే తోక ఊపుద్ది, మరీ పెరిగితే ట్రక్కు వెనక కుంగి ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పట్టు పోద్ది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ చేసేది, స్ప్రింగ్ బార్లతో ఆ బరువులో కొంత మళ్లీ ముందు ఆక్సిల్ మీదకి, కొంత ట్రైలర్ ఇరుసుల మీదకి నెట్టడం. నువ్వు కొనే ట్రక్కు వెనక రిసీవర్, అంటే హిచ్ దూర్చే గొట్టం, మీద కూడా లేబుల్ ఉంటది, ఆ హిచ్ లేకుండా ఎంత, ఉంటే ఎంత అని రెండు అంకెలు, అదీ చదువు. ట్రైలర్ కి ఎటూ బ్రేకులుంటాయి, టెక్సస్ లో 4,500 పౌండ్లు దాటితే ఉండి తీరాలి, ట్రక్కులో బ్రేక్ కంట్రోలర్ ఫ్యాక్టరీదే ఉండేలా చూసుకో.

ఇక బండ్ల సంగతి.

ఎఫ్-150 లో లాగడానికంటే 3.5 ఎకోబూస్ట్, అది టర్బో (ఇంజన్లోకి గాలి నొక్కి పంపేది) ఉన్న ఇంజన్, 400 హార్స్ పవర్, 500 టార్క్, అంటే తిప్పే బలం. 5.0 వీ8 కూడా 400 హార్స్ పవరే గానీ టార్క్ 410, పైగా టర్బో లేదు. టర్బో ఎందుకంటే, నువ్వు కొలరాడో అంటున్నావు, 287 హైవే మీద అమరిల్లో దాటాక న్యూ మెక్సికో నుంచి కొలరాడోలోకి ఎక్కేది రాటన్ పాస్, 7,800 అడుగులు, ఇంకా లోపలికి ఐ-70 మీద ఐసెన్ హోవర్ టన్నెల్ దాకా పోతే 11,000 దాటుద్ది. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటది, అంటే ఆ టన్నెల్ దగ్గరికొచ్చేసరికి మూడో వంతు గాల్లో కలిసిపోయినట్టే. టర్బోకి ఆ బాధ చాలా తక్కువ. ఎఫ్-150కి ఇంకో మంచి సంగతి 36 గ్యాలన్ల ట్యాంక్ దొరకడం. నవ్వకు, ఇది చాలా పెద్ద విషయం. ట్రైలర్ తగిలిస్తే ఏ గ్యాస్ (పెట్రోల్) బండైనా గ్యాలన్ కి 8, 9 మైళ్లు, ఎదురుగాలి ఉంటే ఇంకా తక్కువ, అమరిల్లో వైపు ఆ పాన్ హ్యాండిల్ గాలి నీకు తెలుసు కదా. 36 గ్యాలన్లయితే 300 మైళ్లు వస్తావు, సిల్వరాడో క్రూ క్యాబ్ (నాలుగు డోర్లది) 24 గ్యాలన్ల ట్యాంకుతో గ్యాస్ ఇంజన్ అయితే 200 దాటగానే బంకు వెతుక్కోవాలి, అదీ 50 అడుగుల బండి తిరగగలిగే బంకు.

సిల్వరాడోలో నాకు నచ్చేది 3.0 డ్యూరమాక్స్ డీజిల్. 305 హార్స్ పవర్ అని చూసి తీసిపారెయ్యకు, 495 టార్క్ ఉంది, కింది ఆర్పీఎంలోనే వస్తది, మైలేజీ గ్యాస్ కంటే బాగా ఎక్కువ కాబట్టి చిన్న ట్యాంకు లోటు కొంత పూడుద్ది. ఖర్చు, పొగ శుభ్రం చేసే డీఈఎఫ్ ద్రవం పొయ్యడం, చలికాలం తంటాలు ఉంటాయి. 6.2 వీ8 సొగసైన ఇంజనే గానీ 2021 నుంచి 2024 మోడళ్ల మీద క్రాంక్ షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల సమస్యకి 2025 ఏప్రిల్ లో పెద్ద రీకాల్ వచ్చింది, అమెరికాలోనే ఆరు లక్షల బండ్లకి దగ్గర దగ్గర, పాతది కొంటే విన్ (ఛాసిస్) నంబర్ కొట్టి రీకాల్ పని అయిందో లేదో చూసుకో.

రామ్ అమ్మానాన్నకి సుఖం. వెనక లీఫ్ స్ప్రింగ్ బదులు కాయిల్ స్ప్రింగులు, కావాలంటే ఎయిర్ సస్పెన్షన్, కారులో కూర్చున్నట్టుంటది. కానీ ఆ సుఖానికి తగ్గట్టే ఖరీదైన ట్రిముల్లో పేలోడ్ 1,200, 1,300 దగ్గర ఆగిపోద్ది, నీ లెక్కకి అది చాలదు. కొంటే రియర్ ఆక్సిల్ రేషియో చూడు, 3.21 ఉన్నది హైవే మీద ఖాళీగా తిరిగేవాళ్లకి, లాగేవాడికి 3.92. ఒకే ఇంజన్, ఒకే రంగు, ఈ ఒక్క గేరు తేడాతో టోయింగ్ రేటింగ్ వేల పౌండ్లు మారిపోద్ది, సేల్స్ వాడికే చాలాసార్లు తెలీదు.

టండ్రా శాన్ ఆంటోనియోలో తయారవుద్ది, మన టెక్సస్ బండే అన్నమాట. మనవాళ్లు టయోటా క్యామ్రీ కారు మీద ప్రేమతో కళ్లు మూసుకుని కొంటారు. 3.4 ట్విన్ టర్బో బాగా లాగుద్ది, హైబ్రిడ్ అయితే 583 టార్క్, నాలుగింట్లో అదే ఎక్కువ. కానీ బ్యాటరీ, మోటార్ బరువు పేలోడ్ లోంచే తింటాయి కదా. టయోటా కాబట్టి ఏమీ కాదు అనే మాట కూడా ఇప్పుడు చెల్లదు, ఇంజన్లో మెషినింగ్ చెత్త మిగిలిపోయిందని 2022, 2023 మోడళ్లు, లెక్సస్ ఎల్ఎక్స్ తో కలిపి లక్షకి పైన 2024లో రీకాల్ చేశారు.

ఎఫ్-150లోనే ఎలక్ట్రిక్ ది, లైట్నింగ్ అడిగావు. పొలం దాకా వెళ్లి రావడానికి బంగారం లాంటి బండి, 10,000 దాకా లాగుద్ది కూడా. కానీ పెద్ద ట్రావెల్ ట్రైలర్ తో రేంజ్ సగానికి పడిపోద్ది, ఛార్జింగ్ స్టేషన్లలో ఎక్కువచోట్ల ట్రైలర్ విప్పి పక్కన పెడితేగానీ ప్లగ్ అందదు. అమ్మానాన్నని ఎండలో నిలబెట్టి రోజుకి నాలుగుసార్లు ఆ పని చేస్తావా?

లాగడం పక్కన పెడితే పొలం పనికి ఏది మంచిది అంటే, నీకు బోరు, వెల్డింగ్ లాంటివి ఉంటే ఎఫ్-150 హైబ్రిడ్ లో 7.2 కిలోవాట్ల జనరేటర్ లోపలే ఉన్నది దొరుకుద్ది, 240 వోల్టుల ప్లగ్గుతో సహా. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఇక్కడ కరెంటు పోయినప్పుడు ఈ ట్రక్కుతో ఇంట్లో హీటరూ ఫ్రిజ్జూ నడుపుకున్నవాళ్లున్నారు, మేం మాత్రం దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. బెడ్ లో వేసే బరువు దగ్గర మాత్రం అందరూ బోల్తా పడతారు. బెడ్ ఖాళీగా కనపడిందని ఒక క్యూబిక్ యార్డు కంకర వేయించుకుంటారు, అది 2,700 పౌండ్లు, ఏ మామూలు హాఫ్ టన్ను మొయ్యదు. మొక్కల మొదట్లో వేసే చెక్క పొట్టు, మల్చ్ అయితే యార్డు వెయ్యి లోపే, ఫరవాలేదు. 80 పౌండ్ల కాంక్రీట్ బస్తాలు ఒక పాలెట్ కి 42 ఉంటాయి, 3,360 పౌండ్లు, ఫోర్క్ లిఫ్ట్ వాడు నవ్వుతూ పెట్టేస్తాడు, ఇంటికి చేరేది నువ్వు. కంకర, కాంక్రీటు ఏదైనా బ్రేకులున్న ట్రైలర్ మీదే తెచ్చుకో, ఇరుసుకి కాస్త ముందుకి సర్ది.

నీ చోట నేనుంటే ఏం కొంటానంటే, అమ్మానాన్న ప్రతి ఏడూ వస్తారు, ట్రాక్టర్ కూడా ఉంటది అంటే నేను హాఫ్ టన్ను కొననే కొనను. దీని పై సైజు, త్రీ ఫోర్త్ టన్ను గ్యాస్ బండి, ఎఫ్-250 7.3 గానీ సిల్వరాడో 2500 6.6 గ్యాస్ గానీ, రెండు మూడేళ్ల పాతది, మధ్య ట్రిమ్. పేలోడ్ 2,500 పైన సులువుగా దొరుకుద్ది, టైర్లు, ఆక్సిల్, బ్రేకులు అన్నీ ఒక సైజు పైన. డీజిల్ త్రీ ఫోర్త్ టన్ను అంటే వెయ్యి టార్క్ అని నోరూరుద్ది, ఇంజనే బండిని పట్టి ఆపే ఎగ్జాస్ట్ బ్రేక్ తో ఘాట్ దిగడం ఎంత హాయో చెప్పలేను, కానీ ఆ ఇంజనే వందల పౌండ్లు ఎక్కువ బరువు, మనుషులు సామానుతో కలిపి బండి దాటకూడని బరువేమో చాలావాటికి 10,000 దగ్గర కట్టేసి ఉంటది, దాంతో కొన్ని డీజిల్ 2500లకి పేలోడ్ 2,000 దగ్గరికి దిగిపోద్ది. బలమంతా ఉండి మోయడానికి నడుం లేనట్టు. నీ 7,200 ట్రైలర్ కి అంత డీజిల్ అక్కర్లేదు. ఖాళీగా తిప్పితే గ్యాస్ బండి గ్యాలన్ కి 13, 14 ఇస్తది, రోజూ ఆఫీసుకి అదే అంటే జేబు ఏడుస్తది, రైడ్ కూడా ఎడ్లబండే, అది ఒప్పుకోవాలి.

లేదు హాఫ్ టన్నే కావాలంటే ఎఫ్-150లో ఎక్స్ఎల్టీ అనే ట్రిమ్, 3.5, మాక్స్ టోయింగ్ ప్యాకేజీ, గ్లాస్ రూఫ్ లేనిది, స్టికర్ మీద కనీసం 1,900 ఉన్నది దొరికేదాకా తిరుగు. దొరుకుతాయి, లాట్ లో పది డోర్లు తెరవాలి అంతే. మామూలు ప్యాసింజర్ టైర్లుంటే అవి అరిగాక ఎల్టీ అనే లైట్ ట్రక్ టైర్లు వేయించు, పక్కగోడ గట్టిగా ఉంటే ఊగడం తగ్గుద్ది. ట్రైలర్ టైర్ల మీద స్పీడ్ రేటింగ్ చదువు, చాలా ఎస్టీ టైర్లు 65 మైళ్లకే, టెక్సస్ హైవే మీద 75 బోర్డు ఉంది కదా అని వాటిని ఉరికించకు.

ఏది కొన్నా మొదటి ట్రిప్పుకి ముందు మొత్తం సర్ది, అందర్నీ ఎక్కించి, దగ్గర్లో ట్రక్ స్టాప్ లో క్యాట్ స్కేల్ అనే బండ్లు తూచే కాటా మీదకి పో. ముందు ఆక్సిల్, వెనక ఆక్సిల్, ట్రైలర్ మూడూ విడివిడిగా తూచి స్లిప్పు ఇస్తారు, కొద్ది డాలర్ల పని. నేను మొదటిసారి తూయించినప్పుడు నా లెక్క కంటే 600 పౌండ్లు ఎక్కువొచ్చింది, సగం మా ఆవిడ గిన్నెలు, సగం నా పనిముట్లు అని తేల్చుకోవడానికి వారం పట్టింది.

ట్రైలర్ ఇంకా కొనలేదు అన్నావు కదా, ఇంకేదైనా చూస్తే దాని పక్కన ఉండే స్టికర్ మీద జీవీడబ్ల్యూఆర్, అంటే నిండా సర్దినా దాటకూడని బరువు, ఎంతో, నువ్వు చూసిన ఇంకో రెండు ట్రక్కుల డోర్ స్టికర్ ఫోటోలు పెట్టు, లెక్క నేను వేసి పెడతా. క్రూ క్యాబ్ ట్రక్కు 19 అడుగుల పైనే ఉంటది, మీ గరాజ్ టేప్ పెట్టి కొలిచావా? ట్రైలర్ ఇంటి ముందు పెడితే హెచ్ఓఏ, అంటే కాలనీ ఇళ్ల సంఘం, వాళ్లు ఊరుకుంటారో లేదో అది మాత్రం ముందే అడిగి తెలుసుకో, నాకు మూడు లెటర్లు వచ్చాక స్టోరేజ్ అద్దెకి తీసుకున్నా.